మన బటన్లు కాదు, వాడి బటన్లు

ఆన్‌లైన్ ఆర్పీజీల్లో (ఒక పాత్రను తీసుకుని దాన్ని పెంచుకుంటూ ఆడే ఆటల్లో) పీవీపీ, అంటే కంప్యూటర్ నడిపే రాక్షసులతో కాకుండా ఇంకో ఆటగాడితో నేరుగా తలపడటం, ఎట్లా నేర్చుకోవాలని అడిగే కుర్రాళ్లు తిరుపతిలో నాకు తరచూ తగులుతుంటారు. బాలాజీ కాలనీ, కొర్లగుంట వైపు గదులు అద్దెకు తీసుకుని చదువుకునేవాళ్లే ఎక్కువ. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి తుపాకీ ఆటలు ఆడి ఆడి విసుగొచ్చి ఆల్బియన్ ఆన్‌లైన్‌కో, గిల్డ్ వార్స్ 2కో వచ్చినవాళ్లు. వాళ్ల మొదటి ప్రశ్న "ఏ బిల్డ్ మంచిదినా?" రెండోది "ఏ కాంబో కొట్టాల?" బిల్డ్ అంటే ఎంచుకునే ఆయుధాలు, స్కిల్స్. కాంబో అంటే వరసగా వేసే దెబ్బలు. ఈ రెండు ప్రశ్నలతో మొదలుపెట్టినవాళ్లు కొంతదూరం గబగబా ఎక్కి, ఆ తర్వాత అక్కడే నిలబడిపోవడం చూస్తూనే ఉన్నాను. పీవీపీలో పైకి రావాలంటే ముందు చూడాల్సింది ఎదుటివాడి వైపు. ఈ క్షణంలో వాడి దగ్గర ఏ బటన్లు మిగిలున్నాయి, ఏవి అయిపోయాయి? ఇది తెలిసి ఆడేవాడికీ తెలియకుండా ఆడేవాడికీ మధ్య ఉన్న తేడాని చేతివేగం, గేర్ (వేసుకున్న ఆయుధాలు, కవచాలు), పింగ్ (సర్వర్‌కి సంకేతం పోయి వచ్చే సమయం) ఏవీ పూడ్చలేవు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే ఈ ఆటల నిర్మాణమే అట్లాంటిది. తుపాకీ ఆటల్లో తలకి గురి కుదిరితే పనైపోతుంది. ఆర్పీజీలో ఒక్కొక్కడి దగ్గర పదీ పదిహేను స్కిల్స్ ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో కూల్‌డౌన్, అంటే ఒకసారి వాడాక మళ్లీ వాడేదాకా ఆగాల్సిన సమయం. వాటిలో చాలావరకు కాస్త అటూఇటుగా నొక్కినా కొంప మునగదు. పోరును తేల్చేవి నాలుగైదే: ప్రాణం నింపే హీల్, స్టన్ (కాసేపు కదలనివ్వని దెబ్బ) నుంచి విడిపించే స్టన్ బ్రేక్, కాసేపు దెబ్బ తగలకుండా కాచేది ఒకటి, దూరంగా దూకి తప్పించుకునేది ఒకటి, ఒక్కసారిగా విరుచుకుపడే పెద్ద దెబ్బ. కాచుకునేవి చేతిలో ఉన్నంతసేపు వాడి మీద మన పెద్ద దెబ్బ దండగ. అవి అయిపోయాక మామూలు దెబ్బలకే వాడు పడిపోతాడు.

గిల్డ్ వార్స్ 2లో డాడ్జ్ (దొర్లి దెబ్బ తప్పించుకోవడం) సంగతే చూడండి, ఇందులో లెక్క కంటికి కనిపిస్తుంది. ప్రతి ఆటగాడికీ ఎండ్యూరెన్స్ (దొర్లడానికి కావలసిన దమ్ము) 100 ఉంటుంది. ఒక్క డాడ్జ్‌కి 50 ఖర్చవుతుంది. సెకనుకి 5 చొప్పున తిరిగి నిండుతుంది కాబట్టి పోయిన డాడ్జ్ మళ్లీ రావడానికి 10 సెకన్లు. దొర్లుతున్న ముప్పావు సెకను పాటు ఆటగాడు దెబ్బలు తప్పించుకుంటాడు. ఇప్పుడు ఎదురుగా ఉన్నవాడు వెంటవెంటనే రెండుసార్లు దొర్లాడనుకుందాం. ఎండ్యూరెన్స్‌ని త్వరగా నింపే విగర్ వాడి మీద లేకపోతే, రాబోయే పది సెకన్లు వాడికి డాడ్జ్ లేదు. ఆ పది సెకన్లూ మనవే. కొత్తవాళ్లు ఇక్కడ చేసేది సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. పోరు మొదలవగానే పెద్ద దెబ్బ వేసేస్తారు, వాడు దొర్లి తప్పించుకుంటాడు. వాడి డాడ్జ్‌లు అయిపోయే సమయానికి వీళ్ల పెద్ద దెబ్బ కూల్‌డౌన్‌లో ఉంటుంది. బాగా ఆడేవాడు మొదలుపెట్టేది ఎదుటివాడికి భయంకరంగా కనిపించే, పోయినా తనకి నష్టం లేని దెబ్బలతో. ఒకటి దొర్లించాడు, రెండు దొర్లించాడు, అప్పుడు అసలుది బయటికి తీస్తాడు.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకి మొదట అప్పగించే పని గెలవడం కాదు. ఎదుటివాడి డాడ్జ్‌లు నోటితో గట్టిగా లెక్కపెట్టమంటాను. "ఒకటి... రెండు... పోయినాయి." గదిలో పక్కవాళ్లు నవ్వినా సరే. మొదట్లో లెక్కపెడుతుంటే చేతులు ఆగిపోతాయి, ఆట పాడవుతుంది, ఓడిపోతారు. ఓడిపోనివ్వాలి. ఇది అలవాటయ్యాక స్టన్ బ్రేక్ ఒకటి కలపాలి, ఆ తర్వాత హీల్. ఒకేసారి అన్నీ గమనించమంటే ఎవరివల్లా కాదు.

ఆల్బియన్‌లో ఈ పని ఇంకా సులువు, ఎందుకంటే అక్కడ వేసుకున్న సామానే స్కిల్. కీబోర్డు మీది అక్షరాల్లో చెప్పాలంటే, ఆయుధం నుంచి క్యూ, డబ్ల్యూ, 'ఈ'. ఒంటి మీది కవచం నుంచి ఆర్. తలపాగా నుంచి డీ. చెప్పుల నుంచి ఎఫ్. క్యూ, డబ్ల్యూలకి ఎంపికలు ఉంటాయి గానీ, 'ఈ' స్కిల్ మాత్రం ఆ ఆయుధానికి ఉన్నది ఒక్కటే, మార్చుకోలేం. కాబట్టి మనిషి కనిపించగానే వాడి అతిపెద్ద దెబ్బ ఏదో తెలిసిపోవాలి. తెలియట్లేదంటే ఆ ఆయుధం గురించి మనం ఇంకా చదవలేదన్నమాట. ఆటలోని మార్కెట్‌కి పోయి చవకరకం ఒకటి కొని, చేతిలో పట్టుకుని ఆ దెబ్బ ఎంత దూరం పోతుందో, వేసేముందు చెయ్యి ఎట్లా లేస్తుందో చూడటానికి పావుగంట చాలు. గిల్డ్ వార్స్ 2 అయితే ఇంకా తేలిక. పీవీపీ లాబీలో, అంటే పోరుకు ముందు నిలబడే చోట, కొత్త క్యారెక్టర్ కూడా నేరుగా 80వ లెవెల్‌లోనే నిలబడుతుంది. ఏ క్లాస్ (పాత్ర రకం) చేతిలో పదే పదే చస్తున్నామో ఆ క్లాస్‌ని ఆ రాత్రే తయారుచేసి ఆడొచ్చు. మన మెయిన్ క్లాస్‌తో ఆడే వంద ఆటలకంటే మనల్ని చంపే క్లాస్‌తో ఆడే పది ఆటలు ఎక్కువ నేర్పుతాయి. ఆ క్లాస్‌కి ఎక్కడ ఊపిరాడదో లోపలినుంచి తెలుస్తుంది.

వెటర్నరీ చదివే ఒక కుర్రాడి పోరును ఈమధ్య ఇద్దరం కూర్చుని రికార్డింగ్‌లో చూశాం. ఆట గిల్డ్ వార్స్ 2, వాడిది రేంజర్ క్లాస్, ఎదురుగా సుత్తి పట్టిన వారియర్. "వాడు స్టన్‌లోనే పెట్టి సంపేసినాడునా. నేను చేసేదానికి ఏం లేదు." ఆఖరి ఐదు సెకన్లు మాత్రమే చూస్తే అది నిజమే. ఎర్త్‌షేకర్‌తో ఎగిరొచ్చి స్టన్, వెంటనే బ్యాక్‌బ్రేకర్‌తో కింద పడెయ్యడం, లేచేలోపు చావు. కానీ కాస్త వెనక్కి జరిపి చూస్తే అసలు సంగతి ఉంది. అప్పుడు కూడా వారియర్ ఒక స్టన్ వేశాడు, వేసి వెంటపడలేదు, కొంచెం దూరంలోనే నిలబడ్డాడు. మనవాడి ప్రాణం ముప్పావు పైనే ఉంది. అయినా కంగారుపడి లైట్నింగ్ రిఫ్లెక్సెస్ నొక్కి బయటపడ్డాడు. ఉన్న ఒక్క స్టన్ బ్రేక్ అదే. వారియర్‌కి కావలసింది కూడా అదే. ఆ మొదటి స్టన్‌లో కదలకుండా పడి ఉన్నట్టయితే నాలుగు చిన్న దెబ్బలు తగిలేవి, అంతే. తను చచ్చింది ఆఖరి స్టన్‌కి కాదని కుర్రాడికి అర్థమయ్యాక రెండోసారి వెనక్కి జరపమని వాడే అడిగాడు.

స్టన్ పడ్డ ప్రతిసారీ బయటపడాలనిపించడం సహజం. ఒళ్లు మన మాట వినదు కాబట్టి టెన్షన్ వస్తుంది. అయినా నేర్చుకోవాల్సింది పడి ఉండటం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2007లో అరీనాలు (చిన్న జట్లు తలపడే గోదాలు) వచ్చినప్పటినుంచి ఆటగాళ్లు దీన్నొక విద్యగా పెంచారు. అక్కడ స్టన్‌ల నుంచి విడిపించే ట్రింకెట్ ఒకసారి వాడితే మామూలుగా రెండు నిమిషాల దాకా రాదు. అరీనాలో రెండు నిమిషాలంటే చాలాసేపు. ఇంకో నియమం కూడా ఆ ఆటలో చాలాకాలం నడిచింది: ఒకే రకం స్టన్ వెంటవెంటనే వేస్తూ పోతే మొదటిసారి పూర్తిగా, రెండోసారి సగం, మూడోసారి పావు వంతు సేపే పనిచేస్తుంది, నాలుగోసారి అసలు పట్టదు. ఈ లెక్క తెలిసినవాడు ట్రింకెట్‌ని మొదటి స్టన్‌కి వాడాలా, ఓర్చుకుని సగం పడే రెండోదాన్ని కూడా భరించాలా అని ఆలోచిస్తాడు. తెలియనివాడు తగలగానే నొక్కేస్తాడు.

మనం వాడి లెక్క చూస్తున్నప్పుడు వాడూ మన లెక్క చూస్తుంటాడు. కాబట్టి తప్పుడు లెక్క ఇవ్వడం కూడా ఈ విద్యలో భాగమే. మంత్రం మొదలుపెట్టి సగంలో ఆపెయ్యడం ఇందులో పాత ఎత్తు. ఎదుటివాడు మంత్రాన్ని అడ్డుకోవడానికి దాచుకున్న బటన్ కంగారులో నొక్కేస్తాడు, అది గాలికి పోతుంది, ఆ తర్వాత మనం నింపాదిగా హీల్ వేసుకోవచ్చు. దీనికి చేతివేగం ఏమాత్రం అక్కర్లేదు. వాడు దేనికోసం కాచుకుని కూర్చున్నాడో తెలిస్తే చాలు.

ఒంటరిగా చేసే సాధన గురించి ఇక్కడే చెప్పాలి. లాబీలో నిలబెట్టిన బొమ్మల మీద గంటల తరబడి కాంబో కొట్టేవాళ్లున్నారు. మన చిత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర్లో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర దుర్యోధన వధ. ఆ కథలో ఒక వివరం నాకు ఈ ఆటలు ఆడేటప్పుడు పదే పదే గుర్తొస్తుంది. భీముణ్ణి చంపాలని దుర్యోధనుడు పదమూడేళ్లు ఇనుప భీముడి బొమ్మ మీద గద సాధన చేశాడని శల్యపర్వంలో కృష్ణుడే చెబుతాడు. బలం భీముడిదే గానీ నేర్పు దుర్యోధనుడిదని కూడా ఒప్పుకుంటాడు. అంత నేర్పున్నవాడు ఎట్లా పడ్డాడు? భీముడి దెబ్బ తప్పించుకోవడానికి పైకి ఎగిరే ఎత్తు వెయ్యబోయాడు. వాడు ఎగరబోతున్నాడని భీముడు పసిగట్టి, ఎగిరిన క్షణంలో తొడల మీద కొట్టాడు. తొడ మీద కొట్టడం ధర్మమా అధర్మమా అన్నది పెద్దల చర్చ. నా దృష్టి అంతా ఆ పసిగట్టడం మీదే ఉంటుంది. ఇనుప బొమ్మ ఎన్నడూ మనవైపు చూడదు, మన అలవాట్లు కనిపెట్టదు. పదమూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ బొమ్మ దుర్యోధనుడు ఎప్పుడు ఎగురుతాడో గమనించి ఉండదు. కీబోర్డు చూడకుండా అన్ని బటన్లూ అందుకునేదాకా బొమ్మ దగ్గర ఉండండి. స్కిల్స్‌ని మౌస్‌తో క్లిక్ చేసే అలవాటు ఉంటే అక్కడే మానుకోండి. అంతకుమించి బొమ్మ దగ్గర నేర్చుకునేది లేదు, మనిషి దగ్గరికి పోవాల్సిందే.

ఇక పింగ్. మనవాళ్లు ఓడినప్పుడు మొదట వచ్చే మాట ఇదే కాబట్టి లెక్క వేసి మాట్లాడతాను. ఆల్బియన్ ఆసియా సర్వర్ సింగపూర్‌లో ఉంది. చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రం అడుగున వేసిన కేబుల్ పొడవు దాదాపు 3,200 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే పోవడానికి 16, రావడానికి 16, మొత్తం 32 మిల్లీసెకన్లు. తిరుపతి నుంచి చెన్నై, మధ్యలో రూటర్లు, అన్నీ కలిపితే ఇంకా పెరుగుతుంది గానీ ఆడటానికి ఇబ్బంది పడేంత కాదు. గిల్డ్ వార్స్ 2కి మనం ఆడగలిగే సర్వర్ ఆసియాలో లేదు. యూరప్‌కి పోయి రావాలి, పింగ్ 150 అటూఇటూ ఉంటుందనుకుందాం. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికి దాదాపు 250 మిల్లీసెకన్లు కావాలి. ఎదుటివాడు ఒకటిన్నర సెకను పట్టే మంత్రం మొదలుపెడితే, పింగ్‌కి 150, మన కంటికీ చేతికీ 250 తీసేసినా ఇంకా 1,100 మిల్లీసెకన్లు మిగులుతాయి. ఆ మంత్రాన్ని అడ్డుకోలేకపోయామంటే కారణం పింగ్ కాదు. అదే అర సెకనులో పడే దెబ్బయితే మిగిలేది పదోవంతు సెకనే. అక్కడ పింగ్ నిజంగానే దెబ్బతీస్తుంది. దాన్ని చూసి తప్పించుకోవడం కుదరదు, వస్తుందని ముందే తెలియాలి. అంటే దూరం నుంచి ఆడే మనలాంటివాళ్లకి వాడి బటన్ల లెక్క ఇంకా ఎక్కువ అవసరం. ఆ పెద్ద దెబ్బ వేసి ఎంతసేపైంది, మళ్లీ ఎప్పుడు సిద్ధమవుతుంది అని తెలిస్తే, చెయ్యి లేచేలోపే దొర్లొచ్చు.

ఒక్కటి మాత్రం డబ్బు పెట్టి సరిచేసుకోండి: వైఫై బదులు కంప్యూటర్‌కి నేరుగా పెట్టే కేబుల్. ఐదారుగురు ఒకే వైఫై మీద వీడియోలు చూసే గదిలో పింగ్ ఒకసారి 60, ఒకసారి 300 అవుతుంటే ఏ లెక్కా కుదరదు. నిలకడగా 150 ఉన్నా చెయ్యి దానికి అలవాటుపడుతుంది. పైకీ కిందకీ ఊగే పింగ్‌కి మాత్రం ఎవరూ అలవాటుపడలేరు.

గేర్ విషయంలో పిల్లల గోడు కొంతవరకు న్యాయమే. ఆల్బియన్‌లో ఎర్ర, నల్ల జోన్లలో చస్తే ఒంటి మీద ఉన్నదంతా పోతుంది. కొంత అక్కడే నాశనమవుతుంది, మిగిలినదాన్ని చంపినవాడు తీసుకుంటాడు. ఖరీదైన సామాను వేసుకున్నవాడికి ఐటమ్ పవర్ (సామాను బలం) ఎక్కువ, అందులో మాయ లేదు. కానీ ఖరీదైన సామాను వేసుకుని నేర్చుకోవడం కుదరదు. పోతుందేమోనన్న భయంతో కళ్లు మన ప్రాణం గీత మీదే ఉంటాయి, ఎదుటివాణ్ణి చూడనే చూడం. వరసగా పోగొట్టుకున్నా బాధ కలగనంత చవక సామాను వేసుకుని పోండి. లేదా కరప్టెడ్ డంజన్లలో హంటర్ స్థాయి ఉంది. అక్కడ ఒకడితో ఒకడు తలపడొచ్చు, ఓడినా సామాను పోదు. గేర్ మాటే వినకూడదంటే గిల్డ్ వార్స్ 2 పీవీపీ ఉంది. 2012లో ఆట వచ్చిననాటినుంచి అక్కడ సామాను బలం అందరికీ సమానం, 2015 నుంచి ప్రాథమిక ఆట ఉచితం. ఎక్స్‌పాన్షన్ (ఆటకి విడిగా కొనే అదనపు భాగం) కొన్నవాళ్లకి అదనపు స్పెషలైజేషన్లు ఉన్న మాట నిజమే, కానీ నేర్చుకునే దశలో అది అడ్డం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు "పందేలాటా?" అని అడిగితే ఓపిగ్గా చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆపేశారు, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని గుర్తించింది. వాళ్ల భయానికి కారణాలున్నాయి, ఆ భయాన్ని ఎగతాళి చెయ్యొద్దు.

ఎదుగుతున్నామా లేదా అని తెలుసుకోవడానికి చాలామంది గెలుపు శాతం చూస్తారు. అది పనికొచ్చే కొలత కాదు. రేటింగ్ పద్ధతులకి మూలం చదరంగంలో ఆర్పాద్ ఎలో తయారుచేసిన లెక్క. దాన్ని ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో తీసుకుంది. మన కోనేరు హంపి రేటింగ్ లెక్కగట్టేదీ ఆ పద్ధతిలోనే. అందులో ఎదుటివాడికంటే రేటింగ్ 200 ఎక్కువున్నవాడు వంద ఆటలాడితే దాదాపు 76 పాయింట్లు సాధించాలి, 400 ఎక్కువుంటే 91. ఆన్‌లైన్ ఆట మనకి సమానమైనవాణ్ణే వెతికి జతచేస్తుంది కాబట్టి, ఎంత ఎదిగినా కాసేపటికి మళ్లీ సగం సగం దగ్గరికే వస్తాం. రేటింగ్ పెరిగినా గెలుపు శాతం కదలదు. అది చూసుకుని "నేను ఎప్పటికీ ఇంతే" అని మానేసిన మంచి ఆటగాళ్లు నాకు తెలుసు, అందుకు నాకు నిజంగా బాధ. ఆ శాతం బదులు చచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోండి: నేను చచ్చినప్పుడు వాడి దగ్గర ఏం మిగిలుంది? జవాబు చెప్పలేకపోయిన రోజులు తగ్గుతూ వస్తే ఎదుగుతున్నట్టే. వరసగా ఓడి కోపం తలకెక్కిందంటే ఆ పూటకి ఆపెయ్యండి, కోపంలో ఎవరికీ లెక్క కుదరదు. చాట్‌లో అమ్మల్నీ అక్కచెల్లెళ్లనీ తిట్టేవాడు ఎదురైతే మ్యూట్ చెయ్యండి. మనవైపు వాడు తిడితే జట్టులోంచి తీసెయ్యండి, ఎంత బాగా ఆడినా సరే.

జట్టుగా ఆడినప్పుడు ఈ లెక్క ఒకరి తలలో ఉంటే సరిపోదు, మైకులోకి రావాలి. గిల్డ్ వార్స్ 2 కాంక్వెస్ట్‌లో ఐదుగురితో ఐదుగురు, మూడు చోట్లు పట్టుకోవాలి, ముందు 500 పాయింట్లు చేరినవాళ్లు గెలుస్తారు. మనవాళ్ల మైకులో వినిపించేది చాలావరకు ఇట్లా ఉంటుంది: "అన్నా అన్నా, వచ్చేసినాడు, నా మీద పడినాడు, రేయ్, సచ్చినా!" ఎవడు వచ్చాడు, ఎక్కడ, వాడి పరిస్థితి ఏమిటి? వినేవాడికి ఒక్క ముక్క తెలియదు, టెన్షన్ మాత్రం అంటుకుంటుంది. ఉండాల్సింది మూడు ముక్కలు: "మిడ్‌లో నెక్రో, స్టన్ బ్రేక్ లేదు." చోటు, మనిషి, పోయిన బటన్. అప్పుడు పక్కనుంచి వచ్చేవాడు స్టన్‌తోనే మొదలుపెడతాడు, అనుమానం లేకుండా.

కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి అన్న పద్ధతి కొన్ని జట్లలో ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. ఎదుటివాడి బటన్లు వాడితో తలపడుతున్నవాళ్లకే తెలుస్తాయి, కెప్టెన్‌కి తెలియవు. ఎటు పోవాలో కెప్టెన్ చెప్పనీ, కానీ పోయిన బటన్ సంగతి మాత్రం చూసినవాడే చెప్పాలి. అందులోనూ చచ్చినవాడి మాట అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే వాడే అప్పటిదాకా ఎదురుగా నిలబడి అన్నీ ఖర్చుపెట్టించాడు. కాబట్టి చచ్చినవాడు "ఛ" అనకముందే, ల్యాగ్‌ని తిట్టకముందే, నన్ను చంపినవాడి దగ్గర ఏం లేదో ఆ ఒక్క మాట చెప్పేసి, ఆ తర్వాత ఎంతసేపైనా తిట్టుకోవచ్చు.